పరిచర్యకు పరీక్ష పడక దగ్గర

(మహాలయ పక్షం సందర్భంగా దేవస్థానం కల్యాణమండపంలో చేసిన ఉపన్యాసం)



ఇవి మహాలయ పక్షపు దినాలు. భాద్రపద బహుళంలో గతించిన పెద్దలను తలచుకొని తిలోదకాలు విడిచి, వారి పేరు మీద నలుగురికి అన్నం పెట్టడం మనకు తరతరాలుగా వస్తున్న ఆచారం. ఈ ఉదయం పుష్కరిణి గట్టు మీద ఎందరో గృహస్థులు శ్రద్ధతో ఆ కర్మ ఆచరించడం చూచి సంతోషించినాను. అయితే నేడు నేను గతించిన పెద్దలను గురించి మాటలాడబోవడం లేదు. జీవించి ఉండి, మంచం మీద నుండి తమంతట తాము లేవలేని పెద్దలను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

దానికి కారణం ఉన్నది. ఈ మధ్య కాలంలో నా వద్దకు వచ్చే భక్తులు రెండు ప్రశ్నలు తరచుగా అడుగుతున్నారు. మొదటిది: “పంతులుగారూ, మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది, ఇంట్లో చూచుకొనే శక్తి లేదు, ఒక సేవాగృహంలో చేర్చాలనుకుంటున్నాం, అది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?” రెండవది దాతల ప్రశ్న: “మా అమ్మగారి పేరు మీద వృద్ధాశ్రమానికి ఏదైనా ఇవ్వాలని ఉంది, దేనికి ఇస్తే సార్థకం?” ప్రశ్నలు రెండుగా కనిపించినా సమాధానం ఒక్కటే. పరిచర్య అంటే ఏమిటో తెలిస్తే ఎక్కడ చేర్చవలెనో తెలుస్తుంది, దేనికి ఇవ్వవలెనో కూడా తెలుస్తుంది.

ముందుగా ఒక సందేహం తీర్చుకొందాం. తల్లిదండ్రులను సేవాగృహంలో చేర్చడం పాపమా అని కొందరు కన్నీళ్ళతో అడుగుతారు. కుమారుడు విదేశంలో ఉన్నాడు, కుమార్తె మరొక పట్టణంలో ఉద్యోగం చేస్తున్నది, ఇంట ఉన్న వృద్ధురాలు తానే నడవలేని స్థితిలో ఉన్నది. అటువంటప్పుడు డెబ్బది కిలోల మనిషిని రోజుకు పదిమార్లు లేవనెత్తి కూర్చుండబెట్టడం ఎవరి తరం? చేర్చడంలో దోషం లేదు. చేర్చి మరచిపోవడంలో దోషం ఉన్నది. చూడకుండా, అడగకుండా, పరీక్షింపకుండా చేర్చడంలోనూ దోషం ఉన్నది. ఈ మాట నేను ఇతరులను వేలెత్తి చూపుతూ చెప్పడం లేదు. ఆ దోషం నేనే చేసినాను.

అన్నగారి కథ

మా అన్నగారు నాకంటె ఏడేండ్లు పెద్దవారు. ఇద్దరమూ ఒకే గురువుగారి పాదాల వద్ద వ్యాకరణం చదువుకొన్నాం. ఎనుబదియొకటవ ఏట ఆయన స్నానాల గదిలో జారిపడినారు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స సక్రమంగా జరిగింది. ఇంటికి పంపుతూ వైద్యుడు, “ఇక మీదట మందుల కంటె మనుషుల అవసరం ఎక్కువ” అని చెప్పినాడు. వదినగారు అప్పటికే మోకాళ్ళ నొప్పులతో ఉన్నారు. కుమారుడు దూరదేశంలో ఉన్నాడు. కొన్ని మాసాల పాటు ఏదైనా సేవాగృహంలో ఉంచుదామని అందరం నిశ్చయించినాం. ఎంపిక చేసే భారం నా మీద పడింది.

నేను వెళ్ళి చూచినాను. ముందు భాగమంతా చలువరాయి పరచి ఉన్నది. హాలులో నిలువెత్తు దేవతామూర్తి, నిత్యం సాయంకాలం హారతి, గోడల మీద సూక్తులు. నిర్వాహకులు నాకు నమస్కరించి తీర్థం ఇచ్చినారు. ఇంతకంటె ఏం కావాలి అనుకొన్నాను. అన్నగారు పడుకోబోయే గదిని తలుపు వద్ద నుండి ఒకమారు తొంగిచూచినాను, అంతే. రాత్రి ఎందరు ఉంటారని అడుగలేదు. మంచం పట్టిన వారిని చూపించండని అడుగలేదు.

ప్రతి ఆదివారం పదకొండు గంటలకు వెళ్ళేవాణ్ణి. అన్నగారికి స్నానం చేయించి, ఉతికిన పంచె కట్టి, నుదుట విభూతి పెట్టి, చక్రాల కుర్చీలో ముందు గదికి తెచ్చేవారు. అరగంట మాటలాడి తృప్తిగా తిరిగివచ్చేవాణ్ణి. ఆయన క్రమంగా మాట తగ్గించినారు. వార్ధక్యమనుకొన్నాను.

ఆరు వారాల తరువాత ఒకనాడు వేరే పని మీద ఆ వీధికి వెళ్ళి, చెప్పకుండానే సాయంకాలం లోపలికి అడుగుపెట్టినాను. హాలులో హారతి జరుగుతున్నది. లోపలి గదిలో అన్నగారు తడిసిన పక్క మీద, ఒకే భంగిమలో, గోడ వైపు తిరిగి ఉన్నారు. నా గొంతు గుర్తుపట్టి మెల్లగా, “తమ్ముడూ, వెనక మండుతోందిరా” అన్నారు. పంచె తొలగించి చూస్తే, వెన్ను చివర నా అరచేయి పట్టేంత పుండు. లోతుగా ఉన్నది. దానికి మరునాడు వైద్యుడు చెప్పిన పేరు పడకపుండు. ఒకే చోట గంటల తరబడి బరువు ఆని, చర్మానికి నెత్తురు అందక, లోపలి మాంసం చచ్చిపోయి ఏర్పడేది అది. మానడానికి నాలుగు మాసాలు పట్టింది.

ఆ పూట ఆ గదులన్నిటికీ ఉన్న పరిచారకుడు ఒక్కడే. ఇరువదేండ్ల కుర్రవాడు. ఇరువదిరెండు మందిని చూడవలసి ఉన్నది. నన్ను చూచి వాడు భయపడి ఏడ్చినాడు. “నాకెవరూ చెప్పలేదండీ, పక్కకు తిప్పాలని నాకు తెలియదండీ” అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడికి నేర్పనివారిది ఒక తప్పు, అడుగని నాది మరొక తప్పు. “ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదన్నయ్యా?” అని అడిగినాను. “నువ్వు వచ్చినప్పుడు వాళ్ళు పక్కనే నిలబడేవాళ్ళురా. నువ్వు వెళ్ళాక నేను వాళ్ళతోనే కదా ఉండాలి” అన్నారు. ఆ మాట నేటికీ నన్ను విడువలేదు.

చరకుని నాలుగు పాదాలు

ఆ రాత్రి నిద్రపట్టక చరకసంహిత తీసినాను. యౌవనంలో ఆయుర్వేద విద్యార్థులకు దానిలోని సంస్కృతం బోధించినవాణ్ణే. సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు, మొత్తం 16. పరిచారకుణ్ణి వైద్యునితో పాటు చికిత్సకు ఒక పాదంగా నిలిపినాడు ఆ మహర్షి. ఆ పరిచారకునికి ఉండవలసిన నాలుగు గుణాలు ఇవి: ఉపచారజ్ఞత, అనగా సేవ చేసే విధానం తెలిసి ఉండడం, దక్షత, అనగా చేయగల నేర్పు, రోగి యందు అనురాగం, శౌచం.

రోగికి చెప్పిన గుణాలలో ఒకటి నన్ను ఆపివేసింది. జ్ఞాపకత్వం. తన బాధను తాను తెలియజెప్పగల శక్తి అని దాని అర్థం. పక్షవాతంతో మాట పడిపోయినవారికి, మతిమరుపు వ్యాధి వచ్చినవారికి, భయంతో నోరు మెదపని మా అన్నగారికి ఈ గుణం లేదు. నాలుగు పాదాలలో ఒకటి కుంటుపడినప్పుడు దానిని నిలబెట్టవలసినవారు ఎవరు? బంధువులే. తాను చెప్పలేని దానిని మన కన్ను చూడవలెను, మన చేయి తాకి తెలుసుకోవలెను, మన నోరు అడుగవలెను. సేవాగృహాన్ని పరీక్షించడం అంటే నిర్వాహకులను అవమానించడం కాదు. రోగికి లేని జ్ఞాపకత్వాన్ని మనం వహించడం.

కనుక ఆ పరిచారక గుణాలు నాలుగింటినీ నాలుగు గీటురాళ్ళుగా చేసికొని పరీక్ష చేయండి.

ఉపచారజ్ఞత

మొదటి గీటురాయి తెలివిడి. మంచం పట్టినవారిని ఎంతసేపటికి ఒకమారు పక్కకు తిప్పుతారని అడగండి. సామాన్యంగా రెండు గంటలకు ఒకమారు తిప్పవలెనని వైద్యులు చెబుతారు. “గాలి పరుపు వేశాం కదా” అన్నది సమాధానం కాదు. గాలి పరుపు వేసినా తిప్పడం తప్పదు. ఎప్పుడు తిప్పినారో, ఏ వైపుకు తిప్పినారో వ్రాసిన కాగితం మంచం వద్ద ఉండవలెను. వెన్ను చివర, తుంటి పక్కలు, మడమలు, మోచేతులు, ఈ చోట్ల చర్మాన్ని మీరే చూడండి. ఎర్రబారిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు ఆ ఎరుపు పోకుండా నిలిచి ఉన్నదంటే పుండుకు అది ఆరంభం. చామనఛాయ, నల్లని మేనివారిలో ఎరుపు కనిపించకపోవచ్చును. అక్కడ వేడిగా గాని గట్టిగా గాని తగులుతున్నదేమో తాకి చూడవలెను.

రెండవది భోజనం. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి మ్రింగడం కష్టమవుతుంది. పడుకోబెట్టి నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా తెచ్చిపెడతాయి. కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, మ్రింగిన తరువాతనే మరొక ముద్ద పెడుతున్నారా? నీళ్ళు త్రాగగానే దగ్గు వచ్చేవారి విషయం వైద్యునికి తెలియజేస్తున్నారా? భోజనవేళకు వెళ్ళి కూర్చుంటే ఎవరూ చెప్పకుండానే ఇవన్నీ కనిపిస్తాయి. నెలకొకమారు బరువు తూచి వ్రాస్తున్నారో లేదో అడగండి. బరువు తగ్గిపోతూ ఉంటే అన్నం వడ్డిస్తున్నారే కాని లోపలికి పోవడం లేదని అర్థం.

మూడవది మందులు. ఏ మందు, ఎంత, ఏ వేళకు, ఎవరు ఇచ్చినారో ప్రతి పూటా వ్రాయవలెను. పగలంతా మత్తుగా నిద్రపోతున్న వృద్ధులు వరుసగా కనిపిస్తే, నిద్రమాత్రలు ఎవరి సలహా మీద ఇస్తున్నారని ప్రశ్నించండి. చేతులను మంచానికి కట్టివేయడం కనిపిస్తే మరీ గట్టిగా ప్రశ్నించండి. గోల చేయని రోగి సుఖంగా ఉన్నట్లు కాదు.

నాలుగవది నడక. తుంటి విరిగినవారు, పక్షవాతం వచ్చినవారు తిరిగి కోలుకోవడానికి తొలి మాసాలు విలువైనవి. ఫిజియోథెరపిస్టు ఎన్ని రోజులకు ఒకమారు వస్తాడు? రాని రోజులలో ఆ వ్యాయామం చేయించేవారు ఎవరు? వచ్చే నెలకు ఏం చేయగలుగుతారని ఆశిస్తున్నారు? మంచం అంచున కూర్చుండడం, పట్టుకొని నిలబడడం, నాలుగడుగులు వేయడం, ఇటువంటి చిన్న లక్ష్యాలు చెప్పగలిగినవారు పని చేస్తున్నవారు. “దేవుడి దయ, చూద్దాం” అని మాత్రమే అనేవారు చేయడం లేదు.

దక్షత

తెలిసి ఉంటే చాలదు, చేయడానికి చేతులు కావలెను. పగలు ఎందరు పరిచారకులు, రాత్రి ఎందరు? ఈ రెండవ ప్రశ్నను తప్పక అడగండి. మంచం పట్టినవారు ఎందరు, వారికి రాత్రివేళ మెలకువగా ఉండేవారు ఎందరు? తర్ఫీదు పొందిన నర్సు రాత్రి ఉంటుందా, ఫోను చేస్తే వస్తుందా? గంట నొక్కి, ఎంతసేపటికి మనిషి వస్తాడో గడియారం చూచుకోండి. పరిచారకులను విడిగా పలకరించి, ఎంత కాలంగా ఇక్కడ పనిచేస్తున్నావమ్మా అని అడగండి. అందరూ నెల, రెండు నెలల వారే అయితే అక్కడ జీతమో, గౌరవమో, విశ్రాంతియో కొరవడినదని గ్రహించండి. పరిచారకుని కడుపు నిండని చోట రోగికి సేవ నిండుగా జరుగదు.

గృహనిర్మాణం కూడా దక్షతలో భాగమే. చరకుడు 15వ అధ్యాయంలో రోగి ఉండవలసిన ఇంటిని వర్ణించినాడు. దృఢంగా ఉండవలెను, ఈదురుగాలి తగలకుండా ఒక వైపు నుండి గాలి రావలెను, తిరగడానికి అనువుగా ఉండవలెను, పొగ, ఎండ, ధూళి చొరరాదు, నీరు, స్నానగృహం, మరుగుదొడ్డి, వంటశాల అమర్చి ఉండవలెను. నేడు మనం దానికి చేర్చవలసినవి కొద్ది మాత్రమే: జారని నేల, మరుగుదొడ్డి గోడకు పట్టుకొనే కమ్మీ, మంచం నుండి అక్కడి దాకా రాత్రి వెలిగే చిన్న దీపం, చక్రాల కుర్చీ పట్టే ద్వారం. హాలులోని చలువరాయి చూచి నేను మురిసిపోయినాను. తడిస్తే వృద్ధులు జారిపడేది ఆ రాతి మీదనే.

అనురాగం

దీనిని కొలవడానికి కొలబద్ద లేదని అనుకోవచ్చును. ఉన్నది. పరిచారకులు ఆ వృద్ధుణ్ణి ఏమని పిలుస్తున్నారు? తాతగారూ, మామ్మగారూ, మాష్టారూ అని పేరెరిగి పిలుస్తున్నారా, ఫలానా నంబరు మంచం అంటున్నారా? బట్ట మార్చేటప్పుడు తెర వేస్తున్నారా, తలుపు తీసి ఉంచే మార్చుతున్నారా? మూత్రానికి వెళ్ళాలని అడిగినవారిని పట్టుకొని తీసుకొనిపోతున్నారా, “డైపర్ ఉంది కదా, అందులోనే కానీయండి” అంటున్నారా? నడవగల మనిషిని ఆ మాట ఎంత కుంగదీస్తుందో అన్నవారికి తెలియదు.

చరకుడు చెప్పిన పరిచారకులలో స్నానం చేయించేవారు, ఒళ్ళు పట్టేవారు, లేవనెత్తేవారు, పడుకోబెట్టేవారు, మందు నూరేవారు వరుసగా ఉన్నారు. వారి తరువాత పాటలు, కథలు, ఇతిహాస పురాణాలు తెలిసినవారు కూడా రోగి వద్ద ఉండవలెనని చెప్పినాడు. మనిషి మాట మనిషికి ఔషధమని ఆ మహర్షికి తెలుసు. రోజంతా టీవీ మ్రోగుతూ, దాని ముందు వరుసగా కుర్చీలలో కూర్చున్న మౌనమూర్తులు కనిపిస్తే, అక్కడ ఈ గుణం లేదని తెలుసుకోండి.

శౌచం

వాకిట ముగ్గును బట్టి కాక, వంటగది వెనుక, మరుగుదొడ్డిలో, దిండు గలేబు మీద శౌచాన్ని చూడండి. మూత్రపు దుర్గంధం ఒక గదిలో ఒక పూట వచ్చిందంటే సహజం. ఇల్లంతా, ఎప్పుడు వెళ్ళినా వస్తున్నదంటే తడి పక్కలు మార్చడం లేదని అర్థం. అత్తరు వాసన అతిగా ఉన్నా అనుమానించండి. ఒక రోగిని తాకి మరొక రోగిని తాకే ముందు చేతులు కడుగుతున్నారా? మూత్రపు గొట్టం పెట్టినవారికి అది ఎందుకు పెట్టినారు, ఎప్పుడు మార్చినారు? గోళ్ళు, నోరు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు చూడండి. పరిశుభ్రంగా ఉన్న కళ్ళద్దాలు నూరు ప్రకటనపత్రాల కంటె ఎక్కువ చెబుతాయి.

శౌచంలో అర్థశౌచం కూడా ఉన్నది. ధనవిషయంలో శుచిగా ఉండేవాడే శుచి అని ధర్మశాస్త్రం చెప్పింది. నెలసరి రుసుములో ఏమేమి చేరినవి, ఏవి విడిగా కట్టవలెను, ముందుగా కట్టిన సొమ్ము ఏ షరతు మీద తిరిగి ఇస్తారు, హఠాత్తుగా జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకొనిపోతారు, ఎవరికి ముందుగా ఫోను చేస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండవలెను. నోటిమాటగా చెప్పినది అవసర సమయంలో నిలువదు.

ఎప్పుడు వెళ్ళవలెను

ఈ పరీక్షలన్నీ ఒక్క పూటలో కావు. చేర్చక ముందు కనీసం రెండుమార్లు వెళ్ళండి. ఒకటి భోజనవేళ, ఒకటి చీకటి పడిన తరువాత. చేర్చిన పిదప రోజూ ఒకే వేళకు పోకండి. దూరాన ఉన్న పిల్లలు వీడియో కాల్ మీద ముఖం చూచి తృప్తి పడకండి. ముఖం చివరి దాకా బాగానే ఉంటుంది. వెన్ను చూడగలిగిన ఒక బంధువునో మిత్రునో ఏర్పాటు చేసికొనండి. పెద్దలతో ఏకాంతంగా పది నిమిషాలు గడపండి. అన్నింటికంటె ముఖ్యంగా, ఆ గృహంలో కదలలేని, మాటలాడలేని, చూడడానికి ఎవరూ రాని మనిషి ఎవరో కనుగొని వారి మంచం వద్ద ఒక క్షణం నిలబడండి. వారికి జరుగుతున్నదే ఆ గృహం చేసే నిజమైన సేవ. మీ నాన్నగారికి జరిగేది మీ రాకపోకలను బట్టి మారవచ్చును. వారికి జరిగేది మారదు.

లోపం కనిపించగానే కలహం పెట్టుకోకండి. ముందు నిర్వాహకునికి చెప్పండి, చెప్పినదాన్ని వ్రాసి ఇవ్వండి. మంచి గృహం లోపం లేని గృహం కాదు. చెప్పిన లోపాన్ని వారంలో సరిదిద్దేది మంచి గృహం. అప్పటికీ మారకపోతే మనిషిని మార్చండి. వృద్ధుల సహాయానికి కేంద్రప్రభుత్వం ఏర్పాటు చేసిన 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది, దానిని గుర్తుంచుకోండి. పోషించవలసిన బిడ్డలే పట్టించుకోని తల్లిదండ్రులకు 2007లో పార్లమెంటు చేసిన చట్టం అండగా ఉన్నది. దాని ప్రకారం ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకొంటే నెలకు పదివేల రూపాయలకు మించకుండా పోషణభత్యం ఇప్పించవచ్చును. నిరుపేద వృద్ధుల కొరకు జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమాల స్థాపనను కూడా ఆ చట్టం పేర్కొన్నది.

దాతలకు మనవి

ఇక దాతల ప్రశ్న. దానధర్మాలలో మన పూర్వులు ఎంత లోతుగా ఆలోచించినారో రెండు శాసనాలు చెబుతున్నవి. కాకతీయ రుద్రమదేవి కాలానికి చెందిన 1261 నాటి మల్కాపురం శాసనం మన కృష్ణాతీరంలోనిదే. మందడం, వెలగపూడి గ్రామాలను విశ్వేశ్వర శివాచార్యులకు సమర్పించగా, ఆయన ఆ ఆదాయంలో ఒక భాగాన్ని ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి కేటాయించినారు. అంతకు పూర్వం, పదకొండవ శతాబ్దంలో, చోళరాజైన వీరరాజేంద్రుని కాలంలో కాంచీపురం సమీపాన తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయంలో 15 పడకల ఆరోగ్యశాల నడిచింది. వైద్యునికి, శస్త్రవైద్యునికి, పరిచర్య చేసే స్త్రీలకు ఇవ్వవలసిన జీతభత్యాలు ఆ శాసనంలోనే చెక్కబడినవి. గమనించండి, ఆ దాతలు అన్నానికి మాత్రమే ఇవ్వలేదు. సేవ చేసే చేతులకు ఇచ్చినారు.

నేడు మనం పుట్టినరోజులకు, వర్ధంతులకు ఆశ్రమాలకు వెళ్ళి లడ్డూలతో, పాయసంతో విందు చేస్తున్నాం. మంచి మనసుతోనే చేస్తున్నాం. కాని అక్కడి వారిలో చాలామంది మధుమేహం కలవారు. ఒకే వారంలో మూడు విందులు వచ్చిన ఆశ్రమాన్ని నేను చూచినాను. ఆ రాత్రి వారిని పక్కకు తిప్పేవారు మాత్రం ఒక్కరే. కనుక మీ దానాన్ని విందు నుండి పరిచారకుని వైపుకు కొంచెం మళ్ళించండి. ఒక రాత్రి పరిచారకుని నెల జీతం, నెలకు సరిపడే డైపర్లు, రెండు గాలి పరుపులు, మరుగుదొడ్డి గోడకు కమ్మీలు, ఫిజియోథెరపిస్టు రాకపోకల ఖర్చు, పనివారికి తర్ఫీదు, ఇవి ఇవ్వండి. ఇచ్చిన తరువాత మరల వెళ్ళి, మీరిచ్చినది ఎవరి వెన్నుకు అందిందో చూడండి. ఫలకం మీద మీ పేరు సరిగా చెక్కినారో లేదో చూడడం కంటె అది పుణ్యప్రదం.

తైత్తిరీయోపనిషత్తులో గురువు శిష్యునికి దానాన్ని గురించి ఉపదేశిస్తూ, శ్రద్ధతో ఇమ్మని, వినయంతో ఇమ్మని చెప్పి, చివరకు తెలివిడితో ఇమ్మని కూడా చెప్పినాడు. తల్లిని, తండ్రిని దైవంగా భావింపుమన్నదీ ఆ అనువాకంలోనే. ఈ రెండు ఉపదేశాలు ఒకే చోట ఉండడం యాదృచ్ఛికం కాదని నా భావన. దైవంగా భావించినవారికి చేసే సేవ తెలివిడి లేనిదైతే అది పూర్ణం కాదు.

ముగింపు

మా అన్నగారిని ఆ మరునాడే ఆసుపత్రికి, అక్కడ నుండి కొన్నాళ్ళకు మరొక గృహానికి మార్చినాను. ఈసారి రాత్రి ఎనిమిది గంటలకు వెళ్ళి చూచినాను. పన్నెండు పడకల పెంకుటిల్లు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఒక తల్లి నడుపుతున్నది. హాలు లేదు, చలువరాయి లేదు. నేను ప్రశ్నలు అడగక ముందే ఆమె నన్ను ప్రశ్నలు అడిగింది. “వారు ఎన్ని గంటలకు లేస్తారు? ఏం తింటారు? కోపం వస్తే ఎలా సముదాయించాలి? ఏ పని మానితే వారికి దిగులు?” సంధ్యావందనం మానితే దిగులని చెప్పినాను. మరునాడు వెళ్ళేసరికి మంచం పక్కన చేతికందే ఎత్తులో ఒక పీట, దాని మీద పంచపాత్ర, ఉద్ధరిణి పెట్టి ఉన్నవి. రెండు గంటలకొకమారు తిప్పిన గుర్తులు కాగితం మీద ఉన్నవి. ఆనాడు నాకు అనురాగం అనే మాటకు అర్థం తెలిసింది. దానిని ఎందరికో పాఠం చెప్పిన తరువాత తెలిసింది.

పుండు మానింది. అయిదవ మాసంలో అన్నగారు వాకర్ పట్టుకొని పెరటిలోని తులసికోట దాకా నడిచినారు. మరి రెండేండ్లు జీవించి, నిద్రలోనే పరమపదించినారు. నిన్న తర్పణంలో ఆయన నామగోత్రాలు చెప్పి నీళ్ళు విడుస్తుంటే, ఆ చలువరాతి ఇంట గడచిన ఆరు వారాలు మరల కళ్ళ ముందు నిలిచినవి. నువ్వులు, నీళ్ళు ఆ ఆరు వారాలను కడుగలేవు. మీరు ఆ పశ్చాత్తాపం పడవలసిన అవసరం లేకుండా, బ్రతికి ఉన్నప్పుడే వారి మంచం వద్దకు వెళ్ళండి, దుప్పటి తొలగించి చూడండి, అడగండి. భగవంతుడు మీకు, మీ పెద్దలకు, వారికి సేవ చేసే ఆ పేద చేతులకు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.

స్వస్తి.